నాలుగో సిలిండర్లో ఇత్తడి నట్టు

ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ పొద్దస్తమానం "ఒరే, కుదురుగా ఉండరా" అని అరుస్తుంటే, పక్కింటి పిల్లలు అదే పేరనుకుని "కుదురూ, ఆడుకుందాం రా" అని పిలిచేవాళ్ళట. ఆ పేరే అంటుకుపోయింది. అరవై దాటాక కూడా ఆయన కుదురు మెకానిక్కే. పేరుకీ మనిషికీ పొంతన లేదని వేరే చెప్పాలా? భోజనం మధ్యలో లేచి వెళ్ళి ఓ బోల్టు బిగించి వచ్చి మళ్ళీ కూర్చునేవాడు. నిద్రలో కూడా కాళ్ళాడిస్తాడని ఆయన భార్య మంచానికి ఆ చివర పడుకుంటుంది.

ఆయన చూసేది పాత పికప్ బళ్ళు. ముందు చిన్న క్యాబిన్, వెనక సామాను వేసుకునే తొట్టి, బానెట్ కింద ఆరు సిలిండర్లు ఒకే బారులో నిలబడ్డ పొడుగాటి ఇంజన్. కొత్త బళ్ళ జోలికి పోడు. "వాటి బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూతే కనిపిస్తుంది. ఇంజన్ ఎక్కడుందో ఎవర్నైనా అడగాలి. దీన్ని చూడు, పక్కన ఎంత చోటుందో! కాళ్ళు లోపల పెట్టుకుని నిలబడి పని చేసుకోవచ్చు" అంటాడు. ఇంటి వెనక రేకుల షెడ్డు. వంటింటి తలుపు తీస్తే నాలుగడుగుల్లో బల్ల, దాని మీద స్పానర్లు.

మొన్న ఎండాకాలం ఆయన భుజం విరిగింది. అదీ స్వయంకృతమే. ఇంజన్ పైకెత్తే చైన్ కప్పీని కొడుకు వచ్చాక దూలానికి తగిలిద్దామని అందరూ అన్నారు. "వాడొచ్చేదాకా ఎవరాగుతారు" అని తొట్టి అంచు మీద కాలు పెట్టి, దూలం అందుకోబోయి, దబ్బున కింద పడ్డాడు. ఆపరేషన్ చేసి లోపల ప్లేటు వేశారు. కుడి చేతిని మెడకి వేలాడే పట్టీలో కట్టి, "ఇది అతికేదాకా స్పానర్ ముట్టుకోకూడదు. ముట్టుకున్నారంటే మళ్ళీ మొదటికొస్తుంది" అన్నాడు డాక్టరు.

"ఎడం చేత్తో?"

"ఎడం చెయ్యి పనిలో దిగితే కుడి చెయ్యి ఊరుకుంటుందా?"

"అది సరే, లోపల స్క్రూలు ఎంత టైటుకి బిగించారు?" అని అడిగాడు కుదురు.

డాక్టరు ఆయన భార్య వంక చూశాడు. ఆవిడ, "ఇంటికి తీసుకెళ్ళిపోతాను లెండి" అంది.

అలా షెడ్డు పని కోడలి మీద పడింది. కొడుకు లిఫ్టులు బిగించే కంపెనీలో పనిచేస్తూ ఊరూరూ తిరుగుతాడు, ఆదివారాలు ఇంటికొస్తాడు, పెట్రోలు వాసన తగిలితే తలనొప్పంటాడు. కోడలు అలా కాదు. పుట్టింట్లో వాళ్ళమ్మకి కుట్టుమిషన్లు రిపేరు చేసే కొట్టుంది. సూదీ కొక్కెమూ కలిసే చోట వెంట్రుకవాసి సందు చూసి పెరిగిన పిల్ల. పెళ్ళైన కొత్తలో మామగారికి స్పానర్లు అందించేది. తర్వాత్తర్వాత ఆయన అరుస్తుంటే వాల్వుల్ని తెరిచే ట్యాపెట్లు సెట్ చేసేది. మాట తక్కువ. పని చేస్తున్నప్పుడు కింది పెదవి లోపలికి లాక్కుంటుంది.

షెడ్డు గుమ్మం బయట ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, "ఇక్కణ్ణుంచి ఎన్ని మాటలైనా చెప్పండి, గుమ్మం మాత్రం దాటకండి" అని హద్దు గీసింది భార్య. ఆయన ఆ కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. లేచేవాడు, చుట్టూ తిరిగేవాడు, మళ్ళీ కూర్చునేవాడు. కుర్చీ కాళ్ళ కింద మన్ను గుంటలు పడింది. ఖాళీగా ఉన్న ఎడం చెయ్యి మోకాలి మీద గేర్లు మారుస్తూనే ఉండేది.

"ఆ బోల్టు ముందు వేలితో తిప్పు, స్పానర్ తర్వాత."

"వేలితోనే తిప్పానండి మామయ్యా."

"మానిఫోల్డ్ మీద గుడ్డ కప్పావా? మూత తీసిన ఇంజనంటే నోరు తెరిచిన పసిపిల్ల. ఏది దొరికితే అది మింగేస్తుంది."

"కప్పానండి."

గుడ్డ మాట రోజూ చెప్పేవాడు. ఒక్కోరోజు కప్పిన గుడ్డని కళ్ళారా చూస్తూ కూడా చెప్పేవాడు.

ఆ రోజుల్లోనే తేనెటీగలాయన బండి వచ్చింది. నడివయసు మనిషి, ఏ మాటైనా నెమ్మదిగా, ఎదుటివాళ్ళని నిద్రలేపకూడదన్నట్టు మాట్లాడతాడు. కొండ కింద తోటల్లో తేనెపెట్టెలు పెట్టి, కింద పూలు అయిపోయే వేళకి వాటిని బండిలో వేసుకుని కొండ మీదికి తీసుకెళ్తాడు. పికప్ వాళ్ళ నాన్న కాలం నాటిది. కొండ మలుపుల్లో ఫస్టు గేరులో కూడా ఆయాసపడుతోంది.

"బండి ఆగితే నాకేం ఫరవాలేదండి. వెనక ఈగలకి గాలాడదు, వేడెక్కిపోతాయి. కిందటేడు రెండు పెట్టెలు పోయాయి. పైన పూలు విచ్చుకుంటున్నాయని మొన్నే కబురొచ్చింది" అన్నాడు.

కుదురు కళ్ళు మెరిశాయి. "మూడు కార్బురేటర్లు పెడదాం. రెండేసి సిలిండర్లకి ఒకటి. రేసు బండిలా దూసుకుపోతుంది!"

కోడలు ఇంజన్ వైపు చూస్తూ, "తేనెటీగలకి రేసెందుకు మామయ్యా?" అంది. "ఆయనకి కావాల్సింది నెమ్మదిగా, గట్టిగా లాగడం. ఇప్పుడున్నది మధ్యలో ఒక్కటే కార్బురేటర్. పంక్తి మధ్యలో కూర్చున్నవాళ్ళకి కడుపునిండా వడ్డించి, రెండు చివర్లవాళ్ళకి గిన్నె చూపించినట్టుంది. చిన్నవి రెండు పెడితే ముందు మూడింటికి ఒకటి, వెనక మూడింటికి ఒకటి. పొగగొట్టం కూడా అలాగే రెండుగా చీలుద్దాం."

తేనెటీగలాయన ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "అమ్మాయి చెప్పిందే బావున్నట్టుందండి" అన్నాడు.

"బావుంటుంది, బావుంటుంది. కానివ్వండి" అన్నాడు కుదురు. ఆ సాయంత్రం భార్యతో, "నేను కుర్చీలో కూర్చున్న మెకానిక్ని. నా మాటకి విలువేముంది?" అన్నాడు.

"నిలబడి ఉన్నప్పుడు మాత్రం ఎవరు విన్నారు మీ మాట?" అందావిడ కూరగాయలు తరుగుతూ.

కోడలు పని మొదలుపెట్టింది. పాత మానిఫోల్డ్ విప్పింది. గాలీ పెట్రోలూ కలిసి సిలిండర్లలోకి వెళ్ళే ఇనప గొట్టం అది. దాని బదులు రెండు నోళ్ళున్నది వెల్డింగు చేయించింది. ట్యాపెట్లు మళ్ళీ సెట్ చేసింది. ముందు కార్బురేటర్ ఎక్కించింది. ఇక మిగిలింది వెనకది ఎక్కించి, రెండూ ఒకేసారి తెరుచుకునేలా మధ్యలో ఒక సన్నటి రాడ్డు కలపడం. తేనెటీగలాయన సాయంత్రం వచ్చి బండి తీసుకెళ్తానన్నాడు.

ఆ పొద్దున ఆ రాడ్డు దగ్గరే గొడవొచ్చింది.

"పొడుగైంది" అన్నాడు కుదురు కుర్చీలోంచి.

"సరిపోయిందండి."

"ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది, గోరంత పొడుగుంది. పట్టేస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే మళ్ళీ వెనక్కి రాదు. కొండ మీద ఆయన బండి లోయలో ఉంటుంది."

"కొలిచే కోశానండి."

"కొలిచావులే! నా చెయ్యి బాగుంటే నీకీ కొలతలన్నీ..." అని మాట మధ్యలో ఆపేశాడు. ఆమె కింది పెదవి లోపలికి లాక్కుని, మానిఫోల్డ్ వెనక నోటి మీద, అంటే ఇంకా ఏమీ ఎక్కించని ఆ కంత మీద, గుడ్డ కప్పి, అతుకులో పెట్టే గ్యాస్కెట్ కొనుక్కురావడానికి బజారుకి వెళ్ళింది.

ఎండ మండిపోతోంది. భార్య లోపల నడుం వాల్చింది. వీధిలో కుక్క కూడా అరవడం లేదు. కుదురు కూర్చున్నాడు, లేచాడు. కాలు గాలిన పిల్లిలా గుమ్మం దాకా వెళ్ళాడు, వచ్చాడు. 'ముట్టుకోను. ఊరికే చూస్తాను' అనుకున్నాడు. 'చూసేది చెయ్యి కాదు కదా, కన్ను కదా' అని తనకి తనే సర్దిచెప్పుకుని గుమ్మం దాటాడు.

దగ్గరికెళ్ళి చూస్తే రాడ్డు కొలత తెలియడం లేదు. కార్బురేటర్ని దాని చోట ఒక్క క్షణం ఆనించి చూస్తే తెలుస్తుంది. గుడ్డ తీశాడు. ఎడం చేత్తో కార్బురేటర్ ఎత్తి, కంత పక్కన పైకి పొడుచుకొచ్చిన స్టడ్ల మీద పెట్టాడు. రాడ్డు చివర బిగించే చిన్న ఇత్తడి నట్టు, వేలి గోరు కన్నా కాస్త పెద్దది, పళ్ళెంలోంచి తీసి, రెండో చెయ్యి లేదు కాబట్టి పెదాల మధ్య పట్టుకున్నాడు. రాడ్డు ఆనించాడు. అద్దినట్టు సరిపోయింది. కదిపి చూశాడు. మెత్తగా ముందుకెళ్ళి మెత్తగా వెనక్కొచ్చింది. ఎక్కడా పట్టలేదు.

నమ్మకం కుదరక కార్బురేటర్ పైకి తీసి, కిందికి వంగి, ఆ కంత పక్కన స్టడ్లు వంకరగా లేవు కదా అని చూశాడు. అవీ తిన్నగానే ఉన్నాయి.

"ఛ!" అన్నాడు.

నోరు తెరుచుకుంది. నట్టు కంతలో పడింది.

గొట్టం అడుగున, కంతకి సరిగ్గా కిందే, పచ్చగా మెరుస్తూ కనిపించింది. కాసేపు ఓపిక పట్టి ఏ పుల్లకో జిగురు రాసి తీసుంటే వచ్చేసేది. ఓపికే ఉంటే ఆయన కుదురెందుకవుతాడు? వేలు పెట్టాడు. ఎడం చేతి వేలు. నట్టు దొర్లింది. ఇంకొంచెం లోపలికి పెట్టాడు. ఇంకొంచెం దొర్లింది. వైరుకి అయస్కాంతం కట్టి దింపాడు. ఇత్తడికి అయస్కాంతం అంటదని పసిపిల్లలకి కూడా తెలుసు, ఆయనకి తెలియదా? తెలిసే రెండుసార్లు దింపాడు. రెండోసారి వైరు తగిలి, లోపల ఎక్కడో 'టిక్' మంది. తర్వాత, కొంచెం ఆగి, ఇంకా లోతుగా, 'టంగ్' మంది.

ఆ రెండో చప్పుడు ఏమిటో ఆయనకి చెప్పక్కర్లేదు. తెరుచుకుని ఉన్న వాల్వు దాటి నట్టు సిలిండర్లో పడింది.

గేటు చప్పుడైంది. గుడ్డ కప్పేసి, కార్బురేటర్ బల్ల మీద పెట్టేసి, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట. 'వస్తూనే చెప్పేస్తాను' అనుకున్నాడు. కోడలు గ్యాస్కెట్ పొట్లం చేత్తో పట్టుకుని లోపలికెళ్ళింది. 'మంచినీళ్ళు తాగనీ, చెప్తాను' అనుకున్నాడు. ఆమె నీళ్ళు తాగింది. 'పొద్దున్నే కదా నోటికొచ్చినట్టు అన్నాను, ఇప్పుడు ఈ మాట ఎలా అనడం? టీ పెట్టడానికి లోపలికెళ్తుంది కదా, అప్పుడు నేనే తీసేస్తాను' అనుకున్నాడు. ఆమె టీ పెట్టడానికి వెళ్ళలేదు. కార్బురేటర్ ఎక్కించి బిగించడం మొదలుపెట్టింది.

"మామయ్యా, రాడ్డుకి పెట్టే ఇత్తడి నట్లు రెండుండాలి. ఒకటే కనిపిస్తోంది. మీరు చూశారా?"

"డబ్బాలో వెతుకు. ఇంకోటి ఉంటుంది" అన్నాడు ఆయన నేల వంక చూస్తూ.

ఉంది. పెట్టింది. తర్వాత స్పార్కు సమయం సరిచూడ్డానికి ఇంజన్ ముందుభాగాన స్పానర్ వేసి చేత్తో కొంచెం తిప్పింది. ఒకచోట ఆగింది. నుదురు చిట్లించింది. కొంచెం వెనక్కి తిప్పి, గుర్తు చూసుకుని, అక్కడికి వదిలేసింది. తేలు కుట్టిన దొంగలా కుర్చీలో బిగుసుకుపోయి చూస్తున్నాడు మామగారు.

అనుకున్న వేళకి తేనెటీగలాయన వచ్చాడు. కోడలు చేతులు తుడుచుకుని, క్యాబిన్లోకి ఎక్కి తాళం పెట్టింది.

"ఆగాగు! బ్యాటరీ చూశావా?"

"చూశానండి, నిండుగా ఉంది."

"ఆయిలు?"

"పొద్దున మీ ముందే పోశాను."

"పెట్రోలు పాతదేమో. తీసి కొత్తది పోస్తే..."

"నిన్ననే తెచ్చిందండి" అన్నాడు తేనెటీగలాయన.

కుదురు లేచి వచ్చి బండి ముందు నిలబడ్డాడు. "ఎండలో వద్దమ్మా. కొంచెం చల్లబడనీ. కొత్తగా కట్టిన ఇంజను."

"మామయ్యా, పక్కకి జరగండి."

"రేపు పొద్దున చేద్దాం. నేను ఒకసారి మొత్తం చూసుకుని..."

కోడలు తాళం తీసేసింది. క్యాబిన్లోంచి దిగింది. ఇన్నేళ్ళలో ఆయన ముందు ఎప్పుడూ గొంతు పెంచలేదు. ఇప్పుడు కూడా గొంతు పెరగలేదు, వణికింది.

"నా పని మీద నమ్మకం లేదని నలుగురి ముందు చెప్పాలా మామయ్యా? ఆ కుర్చీలోంచి రోజూ చెప్తూనే ఉన్నారుగా, అది చాలదా? మీ చెయ్యి బాగయ్యాక మీరే స్టార్ట్ చేసుకోండి." తాళంచెవులు బల్ల మీద పెట్టి, తలవంచుకుని ఇంటిలోకి వెళ్ళిపోయింది.

తాళంచెవి తీసేసరికి కుదురుకి ప్రాణం లేచొచ్చింది. మరుక్షణమే సిగ్గుతో చచ్చినంత పనైంది. షెడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. తేనెటీగలాయన ఏమీ తెలియనట్టు రేకు మీద తుప్పు మరక చూస్తూ నిలబడ్డాడు.

మాటలు విని భార్య బయటికొచ్చింది. మొగుడి మొహం ఒక్కసారి చూసింది. "ఏం చేశారు?"

"నేనేం చేశాను?"

"మన పెళ్ళిలో మా అన్నయ్య గడియారం విప్పి మళ్ళీ బిగించలేకపోయిన రోజు కూడా ఇదే మొహం పెట్టారు. ఏం చేశారు?"

ఆయన చెప్పాడు. గొంతు తగ్గించి, గబగబా, ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

భార్య కొంగు నడుముకి దోపుకుంది. "నాకెందుకు చెప్తున్నారు?" అంది. "ఇంజన్ నాదా?"

కోడలు పెరట్లో పంపు దగ్గర సబ్బుపొడి వేసి చేతులు తోముకుంటోంది. గ్రీజు ఎప్పుడో పోయింది, ఇంకా తోముతూనే ఉంది. కుదురు వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారాడు.

"అమ్మాయ్. రాడ్డు కొలత సరిగ్గా ఉంది."

ఆమె తలెత్తలేదు.

"నువ్వు బజారుకెళ్ళినప్పుడు చూశాను. గుడ్డ తీసి చూశాను. ఇత్తడి నట్టు నోట్లో పట్టుకుని... అది కంతలో పడిపోయింది. వేలు పెట్టి ఇంకా లోపలికి తోశాను. సిలిండర్లో పడింది. చప్పుడు విన్నాను. నువ్వు స్టార్ట్ చేసుంటే పిస్టన్ పగిలిపోయేది. నీ పని మీద అపనమ్మకం కాదమ్మా. నా నోరు పెగల్లేదు."

పంపు కారుతూనే ఉంది. ఆమె దాన్ని కట్టేసింది.

"మధ్యాహ్నం చేత్తో తిప్పుతుంటే ఒకచోట ఆగింది" అంది నెమ్మదిగా. "నా లెక్క ఎక్కడో తప్పిందనుకున్నాను. ట్యాపెట్లు తప్పు పెట్టానేమో అని అప్పట్నుంచీ నాలో నేనే కొట్టుకుంటున్నాను మామయ్యా. మీరు ఎదురుగా కూర్చుని చూస్తున్నారు."

ఆయనకి ఆమె అరిచినా బాగుండేదనిపించింది.

"నేనొచ్చి తీస్తాను. ఎలాగోలా..."

"మీరేం తీయద్దు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "ముందు కంతా, వెనక కంతా?"

"వెనకది."

"అయితే నాలుగు, అయిదు, ఆరు. ఆ మూడింట్లో ఒకటి. రండి."

మళ్ళీ అన్నీ విప్పడం మొదలైంది. కార్బురేటర్ దించింది. లైటు వేసి గొట్టం చివరిదాకా చూసింది. లేదు. వెనక మూడు స్పార్కు ప్లగ్గులూ తీసి, వాటి కంతల్లోంచి సన్నటి వైరుకి కట్టిన చిన్న బల్బు లోపలికి దింపింది. ఆరులో లేదు. అయిదులో లేదు. నాలుగో దాంట్లో, నల్లటి పిస్టన్ నెత్తి మీద, ఓ పక్కగా, పచ్చటి మెరుపు.

"ఉంది" అంది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

ఉందని తెలిసింది, సరే. తీయడమెలా? ప్లగ్గు కంత ఎంతని? నట్టు అడ్డంగా పడితే రాదు, నిలువుగా లేస్తేనే వస్తుంది. పుల్లకి గ్రీజు రాసి దింపింది. అంటుకున్నట్టే అంటుకుని సగంలో జారిపోయింది. మళ్ళీ దింపింది. మళ్ళీ జారింది. ఇంజన్ నెత్తి మీది హెడ్డు మొత్తం ఊడదియ్యాలంటే ఆ రోజు, మర్నాడు కూడా పోతాయి. కొత్త గ్యాస్కెట్లు కావాలి. కొండ మీద పూలు ఆగుతాయా?

ఇదంతా చూస్తున్న తేనెటీగలాయన ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "నాకు ఇంజన్ల సంగతి తెలీదు. కానీ అంటుకోవాలంటే... మా ఈగలు పెట్టెలో సందులు పూడ్చడానికి ఒక బంక చేస్తాయి. కొంచెం వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే రాయి. గోకి తీసింది క్యాబిన్లో ఉంది. చేతికి అంటితే రెండు రోజులు పోదు."

గోధుమ రంగు ముద్ద తెచ్చి ఇచ్చాడు. అగ్గిపుల్ల గీసి వేడి చేస్తే, చెట్టు జిగురూ తేనే కలిసినట్టు ఓ వాసనొచ్చింది. కోడలు సన్నటి ఇనప ఊచ చివర చిటికెడు అంటించింది.

"లైటెవరు పట్టుకుంటారు?" అంది.

తేనెటీగలాయన చేతులు లావు, బానెట్ కింద ఆ మూలకి పట్టవు. అత్తగారికి కళ్ళజోడు పెట్టుకున్నా దగ్గరి చూపు ఆనదు. కోడలు మామగారి వైపు చూసింది.

"ఎడం చేత్తో పట్టుకోండి. నట్టు మీదే వెలుగు పడాలి. నేను చెప్పేదాకా కదలకూడదు."

ఆయన వంగాడు. మోచెయ్యి ఇంజన్ అంచు మీద ఆనించి, బల్బు వైరు వేళ్ళతో పట్టుకున్నాడు. వెలుగు వణికింది. నట్టు ఒకసారి కనిపించి ఒకసారి పోయింది.

"మామయ్యా."

ఊపిరి బిగబట్టాడు. వెలుగు నిలిచింది. కోడలు ఊచ దింపి, నట్టు అంచు మీద ఆనించి, అలాగే ఉండిపోయింది. బంక చల్లారాలి. ఎంతసేపు? ఆయన మెడ మీద చెమట బొట్టు వీపులోకి జారింది. కట్టిన భుజం సలపరించింది. ముక్కు దురద పెట్టింది. పాదం ఎగరబోయింది, రెండో పాదంతో తొక్కిపట్టాడు. జన్మలో ఏ ఇంజన్నీ ఇంత గట్టిగా పట్టుకోలేదు ఆయన. పట్టుకున్నదేమో ఓ కందిగింజంత బల్బు.

కోడలు ఊచ పైకి లాగింది. నట్టు లేచింది, కంత అంచుకి తగిలింది, ఆగింది. ఆమె ఊచని రవ్వంత తిప్పింది. నట్టు నిలువుగా తిరిగి బయటికొచ్చింది.

 తేనెటీగలాయన "అబ్బ" అన్నాడు, అదీ గుసగుసగా.

నాలుగో సిలిండర్ లోపల గీతలేమైనా పడ్డాయేమో చూసింది. లేవు. ఇంజన్ చేత్తో రెండు చుట్లు తిప్పింది. ఎక్కడా ఆగలేదు. అప్పుడు ఆమె మొహంలో బిగువు వదిలింది. అన్నీ మళ్ళీ బిగించి, క్యాబిన్లోకెక్కి తాళం తిప్పింది. ఇంజన్ దగ్గింది, తుమ్మింది, అందుకుంది. సమంగా లేదు, కుంటుతోంది. ఆమె దిగి, ఓ రబ్బరు గొట్టం చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస ముందు కార్బురేటర్ నోటి దగ్గర, తర్వాత వెనకదాని దగ్గర పెట్టి గాలి పీల్చే చప్పుడు విన్నది. స్క్రూ తిప్పింది, మళ్ళీ విన్నది. 'వెనకది ఎక్కువ పీలుస్తోంది, పావు చుట్టు మూసెయ్యి' అనే మాట కుదురు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆమె పావు చుట్టు మూసింది. కుంటు పోయింది. ఆరు సిలిండర్లూ ఒకే గొంతుతో గుర్రుమన్నాయి.

"రేపు సాయంత్రం పెట్టెలు ఎక్కిస్తాను" అన్నాడు తేనెటీగలాయన. "ఈగలన్నీ ఇల్లు చేరాకే కదా కదిలించాలి. మొదటిసారి కదండీ, దార్లో ఏమైనా అయితే... అమ్మాయి కూడా వస్తే బావుంటుంది. పైన మా అక్క ఇల్లుంది, రాత్రికి అక్కడే పడుకోవచ్చు."

"నేనూ వస్తాను" అన్నాడు కుదురు.

"ఆ గతుకుల్లో భుజం చేతికొస్తుంది. మీరు రారు" అంది భార్య.

మర్నాడు సాయంత్రం బండి వెళ్ళిపోయాక ఆయన పడిన పాట్లు అన్నీ ఇన్నీ కావు. గేటు దగ్గర నిలబడ్డాడు. వీధి చివరికెళ్ళి కొండ వైపు చూశాడు. ఇక్కణ్ణుంచి కొండ ఓ నీలం గీత. ఫోన్ తీశాడు, నడుపుతుంటుందేమోనని మళ్ళీ జేబులో పెట్టాడు. "ఇప్పుడు మొదటి మలుపు దగ్గరుంటారు. వేడెక్కుతుందంటావా?" అని భార్యని అడిగాడు.

"నన్నడిగితే? నాకు పొయ్యి వేడి తెలుసు."

"పొగగొట్టం రెండుగా చీల్చింది కదా, క్యాబిన్ కిందికి దగ్గరగా వెళ్తోంది. వెనక పెట్టెలకి సెగ తగులుతుందేమో."

"ఆ పిల్ల మధ్యలో రేకు అడ్డం పెట్టింది. పొద్దున చూశాను."

"పెట్టిందా?" అన్నాడు ఆశ్చర్యంగా. నిజంగా ఆయన చూడలేదు. నట్టు బయటికొచ్చినప్పట్నుంచీ బండి దగ్గరికే వెళ్ళలేదు.

తెల్లారాక, తేనెటీగలాయన పైన ఈగల దగ్గరే ఉండిపోతే, ఖాళీ బండిలో కోడలు తిరిగొచ్చింది. మొహం వాడిపోయింది, జుట్టంతా దుమ్ము, చెవి దగ్గర ఒక ఈగ కుట్టి వాచింది. గేటు దగ్గరే ఎదురెళ్ళాడు మామగారు.

"ఏ గేరులో ఎక్కింది?"

"రెండో గేరులో. పెద్ద మలుపు దగ్గర కూడా మొదటిది వెయ్యాల్సిన పని పడలేదు."

"వేడి?"

"ముల్లు సగం దాటలేదు. కానీ మామయ్యా, నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా తొక్కితే క్షణం తడబడుతోంది. అక్కడ పెట్రోలు చాలడం లేదు. ఎందుకో తెలియడం లేదు."

ఆయనకి తెలుసు. నోరు తెరిచాడు, ఆగాడు. "చెప్పనా, నువ్వే చూసుకుంటావా?"

"నిద్రపోయి లేచాక చెప్పండి" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మీ కుర్చీ ఇవాళ్టినుంచి షెడ్డు లోపల వేస్తాను. బయట ఉంటే దొంగచాటుగా వస్తారు. లోపలుంటే నా కళ్ళెదుటే ఉంటారు." నవ్వుతూ అన్నదో, కోపంతో అన్నదో ఆయనకి తెలియలేదు. బహుశా రెండూనేమో.

భుజం అతికింది కానీ పూర్తిగా రాలేదు. చెయ్యి గుండె ఎత్తు దాటి పైకి లేవదు. ఇక ఇంతేనని డాక్టరు చెప్పిన రోజు కుదురు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మళ్ళీ ఊరంతా నడిచొచ్చాడు. ఆ తర్వాత బరువైన పని కోడలిదే అయింది. తేనెటీగలాయన చెప్పగా విని, కొండదారిలో తిరిగే ఇంకో ఇద్దరు ముగ్గురు తమ పాత బళ్ళకి కూడా రెండు కార్బురేటర్లు పెట్టించుకోవడానికి వచ్చారు. విడి భాగాలు చాల్లేదు. పక్క ఊళ్ళో ఎవరి దొడ్లోనో ఇలాంటి పికప్పే ఏళ్ళ తరబడి పడి ఉందని తెలిసింది.

"మామయ్యా, మీరెళ్ళి ఆ ఇంజన్ పగిలిందో, పనికొస్తుందో చూసి రాగలరా?" అని అడిగింది కోడలు. "నాకు ఇక్కడ తీరదు. మీకైతే చూడగానే తెలుస్తుంది."

ఆ మాట పూర్తయ్యేలోపు ఆయన చెప్పులేసుకున్నాడు. ఒక్కణ్ణే పంపడం ప్రమాదమని భార్య కూడా బయల్దేరింది. మధ్యాహ్నం కోడలికి ఫోనొచ్చింది.

"చేరామమ్మా" అంది అత్తగారు. "బండి గలాయన ఇంకా ఎదురొచ్చి నమస్కారం పెడుతున్నాడు. మీ మామయ్యగారు అప్పుడే బానెట్ ఎత్తేశారు."